గివెన్-వెన్-దెన్, ఒక ఎక్సెల్ షీటు: మూడేళ్లు వాడాక

బిజినెస్ వాళ్ల మాటను డెవలపర్ కట్టగలిగే రూపంలోకి తేవడానికి మూడేళ్లుగా వాడుతున్నవి ఈ రెండే: గివెన్-వెన్-దెన్ పద్ధతి (ఉన్న పరిస్థితి, జరిగే పని, రావాల్సిన ఫలితం అని మూడు ముక్కల్లో రాయడం), ట్రేసబిలిటీ షీటు (ఏ అవసరానికి ఏ రిక్వైర్‌మెంట్, ఏ టెస్టు అన్నది చూపే ఎక్సెల్ పట్టిక). కొత్త బీఏలకి (బిజినెస్ అనలిస్టులకి) మొదటిది ధైర్యంగా చెప్తాను. రెండోదానికి షరతులున్నాయి.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి డీజిల్ టోకెన్లిచ్చే యాప్ అనుకోండి. బిజినెస్ మాట: "వేట నిషేధంలో టోకెన్ ఇవ్వొద్దు." కొత్తవాళ్లు దీనికి ముందు 'సిస్టమ్' అని తగిలించి దించేస్తారు. అది సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్ కాదు, అదే మాట ఇంకోసారి. గివెన్‌లో తేదీ రాయాల్సి వచ్చేసరికి అసలు ప్రశ్న బయటపడుతుంది: లెక్క టోకెన్ తేదీదా, బయల్దేరే తేదీదా?

గివెన్: బోటు రిజిస్ట్రేషన్ చెల్లుతోంది, ఈరోజు జూన్ 14, నిషేధంలో ఆఖరి రోజు.
వెన్: 15న బయల్దేరడానికి టోకెన్ అడిగారు.
దెన్: టోకెన్ ఇవ్వాలి, కానీ 15వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి 00:00కి ముందు బంకులో చెల్లకూడదు.

ఈ దెన్ బిజినెస్ వాళ్ల నోట రావాలి. బీఏ ఊహించి రాస్తే యూఏటీలో (బిజినెస్ వాళ్లే చేసి చూసే ఆఖరి టెస్టింగ్‌లో) తిరిగొస్తుంది. నిషేధానికి ముందురోజు, ఏప్రిల్ 14న తీసుకుని వాడని టోకెన్ సంగతీ ఇలాగే అడగాలి.

తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. 2015కి ముందు 47 రోజులే. అంటే తేదీలు కోడ్‌లో ఉండకూడదు, అడ్మిన్ స్క్రీన్‌లో ఉండాలి. ఎవరు మార్చొచ్చు, మారిస్తే ఇచ్చేసిన టోకెన్ల గతేంటి అన్నవి విడి రిక్వైర్‌మెంట్లు.

"యాప్ ఫాస్టుగా ఉండాలి" లాంటివి ఈ పద్ధతిలో ఇమడవు. 200 మంది ఒకేసారి వాడుతున్నా నూటికి 95 సార్లు 3 సెకన్లలోపు జవాబు రావాలి అని అంకెతో విడిగా రాయడమే మేలు. ఫారంలో ఏ గడిలో ఏం పట్టాలో చెప్పడానికీ ఒక పట్టిక చాలు, ఇరవై గివెన్-వెన్-దెన్‌లు రాస్తే ఎవరూ చదవరు.

ఇక షీటు. బిజినెస్ అవసరం నంబరు, నియమం, సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్, టెస్టు నంబరు, ఒప్పుకున్నవారు, తేదీ: ఆరు కాలమ్స్. సెల్స్ మెర్జ్ చేశారా, ఫిల్టర్ పాడైనట్టే. తీసేసిన వరుస నంబరును మళ్లీ వాడితే పాత టెస్టు కొత్త రిక్వైర్‌మెంట్‌కి అతుక్కుంటుంది, కాబట్టి వరుసను చెరపకుండా 'రద్దు' అని రాయాలి. వాట్సాప్‌లో కాపీలు తిరగడం మొదలైతే మాత్రం ఏ జాగ్రత్తా పనిచేయదు. అప్పుడు జిరాకి (టీమంతా ఒకేచోట పనులు నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్‌కి) మారడమే. జిరా సొంత నంబర్లిస్తుంది, పాత నంబరుకి ముందే ఒక ఫీల్డ్ పెట్టించుకోండి.