టెంపో ట్రావెలర్‌లో ఎనిమిది నెలల కాపురం: ఎండకాలం దాటినాక రాస్తున్న రివ్యూ

సంక్రాంతి పోయినాక బండెక్కినాం, మొన్న వినాయక చవితి కూడా బండిలోనే అయిపోయింది. క్యాంపర్ వ్యాన్ల (లోపల ఇల్లు మాదిరి చేయించిన బండ్ల) మీద వచ్చే వీడియోలు రివ్యూలు అన్నీ డిసెంబర్‌లోనో, లేకుంటే మనాలీలోనో తీసినవే ఉంటాయి కాబట్టి అనంతపురం ఎండలో దీంట్లో బతికినోడు ఏమంటాడో ఒకసారి చదవండి.

నాది డ్రిప్పు, సోలార్ పంపుల సర్వీసు పని. సోమవారం కదిరి పక్క ఉంటే గురువారానికి ఆదోని పక్క ఉంటా, మధ్యలో పులివెందుల, డోన్, తాడిపత్రి. ఇరవై ఏండ్లు లాడ్జీల్లో నల్లుల మధ్య పడుకున్నా. పాప పెండ్లయింది, కొడుకు బెంగళూరులో ఉన్నాడు, ఇంట్లో మా ఆవిడ ఒక్కతే. అనంతపురంలో ఇల్లు అద్దెకిచ్చి ఇద్దరం బండిలోనే ఉండేద్దాం అంటే ఆమె నాకంటే ముందే సరే అనింది, మా అత్త మాత్రం "ఉన్న ఇల్లు ఇడిసిపెట్టి రోడ్డు మీద పండుకునేదేంది నాయనా" అని నెల రోజులు నాతో మాట్లాడలేదు.

బండి సెకండ్ హ్యాండ్ ఫోర్స్ ట్రావెలర్, హై రూఫ్, ఆరున్నర లక్షలు. లోపల ఇల్లు మాదిరి చేయించేదానికి ఇంకో ఏడు లక్షల పైన అయింది. చేసిన వర్క్‌షాప్ పేరు రాయను, అడగొద్దండి, కొన్ని పనులు బాగా చేసినారు, కొన్ని చెడగొట్టినారు, ఆ రెండూ చెప్తా.

ముందు బాగున్నవి. మంచం, దాని కింద సామాన్ల అరలు, పక్కకు మడిచే టేబుల్, ప్లైవుడ్ పని అంతా గట్టిగా ఉండాది, ఎనిమిది నెలల్లో ఒక్క కీలు కూడా ఊడలేదు, మన పల్లె రోడ్ల మీద అంటే చిన్న విషయం కాదు. లోపల తల తగలకుండా నిలబడొచ్చు. వంటగట్టు దగ్గర మాత్రం పెద్ద పంచాయితీ నడిచింది. మా ఆవిడది జమ్మలమడుగు పక్క, "కడప బండ లేకుండా వంటగట్టేంది" అనింది. మూడడుగులకు రెండడుగులు, ఒక అంగుళం మందం బండ వేసినా 40 కిలోలకు దగ్గర పడతాదని వర్క్‌షాప్ ఆయన లెక్క వేసి చూపించి స్టీల్ షీటు వేసినాడు. ఆ విషయంలో ఆయనదే కరెక్టు, ఆమె ముందర మాత్రం నేను ఆ మాట అనలేదు.

ఇప్పుడు అసలు సంగతి. పైన రెండు సోలార్ ప్యానెళ్లు, ఒకటి 335 వాట్లు, మొత్తం 670. కింద 200 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, అంటే 12.8 వోల్టుల లెక్కన రెండున్నర యూనిట్లు. మంచి ఎండ ఉన్న రోజు దగ్గర దగ్గర మూడు యూనిట్లు వస్తాది. 12 వోల్టుల ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు, పొద్దున ఇండక్షన్ మీద అన్నం, ఇవన్నీ దాంట్లో హాయిగా ఎల్లిపోతాయి. కర్నూలు పక్క ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉండాది కదా, ఆ దారిన పోయేటప్పుడు మాదీ ఒక చిన్న పార్కే అనిపిస్తాది. మన దగ్గర ఎండకు కొదవా అనుకున్నా నేను కూడా.

కొదవ లేదు, అదే కష్టం. ప్యానెళ్లకు ఎండ కావల్ల, మనకు నీడ కావల్ల, ఇద్దరూ ఉండేది ఒకే బండి! చింతచెట్టు కింద పెడితే లోపల ప్రాణానికి సుఖం, సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ. ఎండలో పెడితే బ్యాటరీ పదకొండు గంటలకే ఫుల్లు, మనం వడియాలు. సగం నీడ సగం ఎండ అని తెలివి చూపించేదానికి లేదు, ప్యానెల్‌లో సెల్లులన్నీ వరసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి, ఒక మూల వేపకొమ్మ నీడ పడినా ప్యానెల్ ఉత్పత్తి సగానికి సగం పడిపోతాది. పైగా ప్యానెల్ వేడెక్కే కొద్దీ కరెంటు తగ్గుతాది, 25 డిగ్రీలు దాటినాక ఒక్కో డిగ్రీకి 0.4 శాతం దాకా పోతాది. రైతులకు పంపుల దగ్గర ఈ ముక్క నేనే చెప్పేవాణ్ణి, మే నెల్లో నా నెత్తిమీదికొచ్చినాక కానీ అర్థం కాలేదు.

ఏసీ పెట్టుకోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. పెట్టించినాం, ఇన్వర్టర్ ఏసీనే. 900 వాట్లు లాగుతుంటే ఆ రెండున్నర యూనిట్ల బ్యాటరీ ఎంతసేపు వస్తాదో మీరే లెక్క వేసుకోండి. కాబట్టి ఏసీ అనేది వైరు గుంజుకునేదానికి ఎవురైనా ప్లగ్గు ఇచ్చిన రోజుకు మాత్రమే.

వర్క్‌షాప్ వాళ్లు చెడగొట్టింది ఈడే. గోడలకు, రూఫ్‌కు ఇన్సులేషన్ అని చెప్పి 6 మిల్లీమీటర్ల వెండి రంగు షీటు ఒకటి అతికించి దాని మీద అందంగా లామినేట్ వేసినారు. కంటికి హోటల్ రూమ్ మాదిరి ఉండాది. ఏప్రిల్‌లో తాడిపత్రిలో మధ్యాహ్నం మూడు గంటలకు బయట 42, లోపల థర్మామీటర్ 47 చూపించింది. ఫ్రిజ్జు ఆగకుండా తిరుగుతానే ఉండె, దాని కరెంటు రెండింతలయింది. ఆ రోజు మా ఆవిడ బండి దిగి ఎదురుగా ఉన్న టీ కొట్టు రేకుల కింద కూర్చొని "ఏంప్పా, ఇది బండినా, బట్టీనా" అనింది. మే మొదటి వారంలో బండి ఆపేసి లామినేట్ అంతా పీకించి 25 మిల్లీమీటర్ల నల్ల నైట్రైల్ రబ్బరు షీట్లు వేయించినా, బండి బాడీ ఇనప కమ్మీలు ఉన్నచోట కూడా వదలకుండా, ఎందుకంటే షీటు ఎంత మందం వేసినా ఆ కమ్మీల గుండానే వేడి లోపలికి దిగుతాది. 65 వేలు ఊడినాయి. ఇప్పుడు బయట 42 ఉంటే లోపల ఒక డిగ్రీ తక్కువే ఉంటాది, ఫ్యాన్ వేసుకుంటే పడుకోవచ్చు. బండి చేయించుకునేవాళ్లు రంగు లైట్లు, చెక్క డిజైన్లు అన్నీ తర్వాత చూసుకోండి, ముందు ఆ షీటు మందం స్కేలు పెట్టి కొలుచుకోండి.

రెండో తప్పు ఇంకా ఘోరం. గ్యాస్ పెట్టె గాలి రంధ్రం పైన పెట్టినారు. వంట గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందికి దిగి నేలమీదే నిలబడతాది, రంధ్రం నేలమట్టానికి ఉండల్ల. ఇది పదో తరగతి పిల్లోడికి తెలిసే విషయం. నేనే డ్రిల్లు పెట్టి కింద రంధ్రం కొట్టుకున్నా. 5 కిలోల చిన్న సిలిండర్ వాడతాం, ఇద్దరికి నెల దాటి వస్తాది, అన్నం ఇండక్షన్ మీదే కాబట్టి. గ్యాస్ లేకుండా ఎందుకు కాదంటే జొన్నరొట్టె. ఇండక్షన్ మీద రొట్టె కాలుతాది కానీ పొంగదు, మంట తగలాల్సిందే. రాగిసంకటి అయితే బండి ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, అప్పుడు కెలకాలి, లేదంటే ఆమె కట్టె తిప్పే ఊపుకు బండి మొత్తం ఉయ్యాల ఊగుతాది. ఒకసారి గుత్తి దగ్గర పెట్రోల్ బంకులో రాత్రి సంకటి చేస్తాంటే వాచ్‌మన్ వచ్చి లోపల ఏమైతాందో అని అనుమానంగా తలుపు కొట్టినాడు. ఊరిబిండి పచ్చడితో ఒక ముద్ద పెట్టినాం, అప్పటి నుంచి ఆ బంకులో మాకు ప్లగ్ పాయింట్ ఫ్రీ.

నీళ్లు. ట్యాంకు 150 లీటర్లు, ఇద్దరికి మూడు రోజులు వస్తాది, స్నానం చెంబు లెక్కన చేస్తే నాలుగు. షవర్ పెట్టించినాం, వారం వాడి ఇప్పేసినాం, షవర్‌లో పోయే నీళ్లు లెక్క తెలీదు, చెంబుకు లెక్క ఉంటాది. బోరు నీళ్లు పట్టుకుంటే ఉప్పు చారలు కట్టి పంపు ముందుండే జల్లెడ పదహైదు రోజులకే మూసుకపోతాది, తీసి వెనిగర్‌లో నానబెట్టి కడగల్ల. తాగేదానికి బోరు నీళ్లు అసలొద్దు, మన పక్క ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. అనంతపురం పల్లెల్లో 1990ల్లో సత్యసాయి ట్రస్టు వాళ్లు వేసిన తాగునీళ్ల పథకం ఉండాది కదా, ఆ కుళాయి ఉన్న ఊరు తగిలితే క్యాన్లు నింపుకుంటాం, లేదంటే నీళ్ల ప్లాంటే.

లెట్రిన్ గురించి ఎవురూ రాయరు, నేను రాస్తా. 20 లీటర్ల డబ్బా ఉండే పోర్టబుల్ టాయిలెట్. రాత్రిపూట, అర్జెంటుకు మాత్రమే, పగలు బంకులు, ఢాబాలు, రైతుల ఇండ్లు. అయినా మూడు నాలుగు రోజులకు ఒకసారి ఖాళీ చేయాల్సిందే. దాన్ని మామూలు లెట్రిన్‌లోనే పోయాలి, అడిగి పోయాలి, అడిగినప్పుడు వాళ్ల మొహం చూడకూడదు. వంకల్లో, చెరువు గట్ల మీద కుమ్మరించి పోయేవాళ్లను చూసినా, అట్లాంటోళ్ల వల్లే రేపు మనల్ని యాడా నిలబెట్టుకోనియ్యరు.

మా మేనల్లుడు డల్లాస్‌లో ఉంటాడు, వీడియో కాల్‌లో బండి చూసి, "మామా, హుకప్ ఎక్కడ?" అన్నాడు. అమెరికాలో వీటికంటూ పార్కులుంటాయంట, స్థలానికి అద్దె కడితే నీళ్ల పైపు, డ్రైనేజీ పైపు, 30 ఆంపులదో 50 ఆంపులదో కరెంటు పాయింటు మూడూ పక్కనే ఉంటాయంట, ఏండ్ల తరబడి వాటిలోనే ఉండేవాళ్లు సౌత్ డకోటా లాంటి రాష్ట్రంలో అడ్రస్ పెట్టుకొని ఉత్తరాలు ఆడికి తెప్పించుకుంటారంట. మన హుకప్ అంటే బంకు వాచ్‌మన్, అహోబిలం మంత్రాలయం లాంటి చోట్ల సత్రం పార్కింగు, గండికోటలో టూరిజం వాళ్ల హరిత హోటల్ పక్కన నిలుపుకునేదానికి మేనేజర్‌ను బతిమాలుకోవడం. అడ్రస్ కూడా అంతే. ఆధార్, ఓటు, బ్యాంకు అన్నీ అద్దెకిచ్చిన ఇంటి మీదే ఉండాయి. సొంతిల్లు లేకుండా మొత్తానికి బండిలోనే ఉందామనుకునేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోండి, చక్రాల మీద ఉన్న ఇంటికి ఓటరు కార్డు ఇయ్యరు.

కాగితాల విషయం కూడా. బండి రూపం మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీవో అనుమతి తీసుకొని ఆర్సీలో ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పాలి. "అవన్నీ ఎవరు చూస్తారు సార్" అని వర్క్‌షాప్‌లో అంటారు. యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ చేసే రోజు చూస్తారు. నాకు మూడు నెలలు తిరిగితే అయింది.

దారిలో మమ్మల్ని చూసి జనం అనుకునేవి వేరే కథ. ఆళ్లగడ్డలో ఒక పెద్దాయన కంటి పరీక్షల బండి అనుకొని అద్దాలు తీసి లైన్‌లో నిలబడినాడు. ఎన్నికల ప్రచార బండా అని పోలీసులు రెండుసార్లు తలుపు తీయించినారు, లోపల మంచం మీద ఎండేసిన అప్పడాలు చూసి ఎల్లిపోయినారు. శ్రీశైలం పోయేవాళ్లు మాత్రం టైము చూసుకోండి, దోర్నాల దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఫారెస్టు గేటు తీయరు, మేము ఒక రాత్రి గేటు ముందరే పడుకున్నాం, సొంత మంచం ఉంది కాబట్టి సరిపోయింది, ఆ ఒక్క రాత్రికి కార్లలో ముడుచుకొని ఉన్నవాళ్లు మమ్మల్ని చూసిన చూపుకు ఏడు లక్షలూ వసూలయినట్టే.

గాలి సంగతి మర్చిపోయినా. పక్కకు లాగే ఆనింగ్ పందిరి ఒకటి 22 వేలు పెట్టి వేయించినాం. మన పక్క ఆషాఢం గాలి తెలుసు కదా, గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఉరవకొండ దగ్గర ఒక సాయంత్రం ఆ పందిరి చేతులు విరిగిపోయి గుడ్డ పోయి కంచె మీద పడింది. ఇప్పుడు రెండు కర్రలు, నర్సరీల్లో కట్టే నీడ నెట్టు ఒకటి, అంతే, గాలి దాంట్లో నుంచి ఎల్లిపోతాది, నీడ నిలబడతాది, ఖర్చు 900.

ఎండా నీడా తగాదాకు మేము కనుక్కున్న ఉపాయం ఒకటుండాది. రూఫ్ మీదవి కాక ఇంకో 200 వాట్ల ప్యానెల్ విడిగా, 10 మీటర్ల పొడవుండే మందం కేబుల్‌తో. బండి చెట్టు కింద, ప్యానెల్ ఎండలో. దాంతో పాటు డ్రైవింగ్‌లో ఉన్నప్పుడు ఇంజన్ నుంచి బ్యాటరీ నింపే 30 ఆంపుల డీసీ డీసీ చార్జర్, ముందు వర్క్‌షాప్ వాళ్లు ఇది పెట్టకుండా ఒట్టి రిలే, అంటే స్విచ్చు మాదిరిది, పెట్టినారు. ఈ రెండూ పెట్టినాక మే చివర్లో కదిరి పక్క తిమ్మమ్మ మర్రిమాను చూసేదానికి పోయినాం. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన చెట్టు, నాలుగున్నర ఎకరాలు దాటిన నీడ. కింద బండి పెట్టనియ్యరు, అది న్యాయమే, కానీ ఆ నీడ చూస్తా బయట ఎండలో బండి లాక్ చేసి వచ్చేటప్పటికి నాకు కడుపు మండింది.

డీజిల్ లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తాంది, నాకు ఎట్లాగూ తిరిగే పనే కాబట్టి లాడ్జీ బిల్లు లేకపోవడం మిగులు. తిరిగే పని లేనోళ్లకు ఈ లెక్క రాదు, ఒకేచోట నిలబెట్టుకొని ఉండేదానికి అయితే అద్దె ఇల్లు చవక. వర్క్‌షాప్‌కు 5లో 2.5 ఇస్తా, ఆ సగం కూడా వడ్రంగి పనికే. బండికి 4.

ఈ వారం రూఫ్‌కు తెల్ల కూల్ పెయింట్ వేయిస్తున్నాం, ప్యానెళ్లు దించి మళ్లీ బిగించాల, బండి మూడు రోజులు షెడ్డులోనే. అందుకని మా ఇంట్లో బాడుగకు ఉన్నోళ్లను అడిగి, మా మిద్దె మీదే చాప వేసుకొని పడుకుంటున్నాం. రాత్రి మా ఆవిడ అటూ ఇటూ పొర్లి పొర్లి, "ఈడ ఊగడం ల్యా, నిద్ర పట్టడం ల్యా" అంటాంది.