ఉల్లంఘించడమా, మీరడమా?

రూల్ తప్పినవాళ్ల గురించి రాసేటప్పుడు ఈ రెండు మాటల దగ్గర చాలామంది ఆగిపోతారు.

ఉల్లంఘించు: సంస్కృతం నుంచి వచ్చింది. లంఘించడం అంటే దూకడం; హనుమంతుడు చేసింది సముద్ర లంఘనం. అడ్డుగా ఉన్నదాన్ని దూకి దాటడమే ఉల్లంఘన. చట్టం, ఒప్పందం, నిబంధన దీనికి జోడీ. 1930లో ఉప్పు సత్యాగ్రహంతో మొదలైన ఉద్యమాన్ని శాసనోల్లంఘనం అన్నారు. అక్కడ ‘మీరడం’ అంటే ఆ తెగువ వినిపించదు. రాసేటప్పుడు ‘ఘ’ జాగ్రత్త, ‘గ’ కాదు.

మీరు: అచ్చ తెలుగు. మాట మీరాడు, హద్దు మీరింది. పలకడం తేలిక. ‘మీరు వచ్చారా’లోని మీరుతో కలగాపులగం కాకుండా ‘మీరి’, ‘మీరడం’ రూపాలు వాడితే మేలు.

చలానా, నోటీసు, వార్త అయితే ఉల్లంఘించు. అమ్మ మాట కాదన్న పిల్లాడికి మీరడం చాలు. అక్కడ ‘ఉల్లంఘించాడు’ అంటే నా చెవికి మరీ కటువు.