మిర్చి కోతలకు వచ్చిన పిల్లలకు ఏ బడి మేలు?

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచేసరికి మా ఊరి చేల వెంట పట్టాలు కప్పిన గుడిసెలు లేచి ఉంటాయి. కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి మిరపకోతలకు వచ్చిన కుటుంబాలవి. కోతలయ్యేదాకా, అంటే దాదాపు ఏప్రిల్ దాకా ఇక్కడే ఉంటారు. మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు ప్రాథమిక పాఠశాల. ఇద్దరు టీచర్లం, ఐదు తరగతులు, రెండు గదులు, 38 మంది పిల్లలు. మొదటిసారి గుడిసెల దగ్గరికి వెళ్లి లెక్క రాసుకుంటే, బడికి రావాల్సిన వయసు పిల్లలు ఇంకో 14 మంది తేలారు. వాళ్లను ఎక్కడ చదివించాలి? మా ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, సొంత ఊళ్లోనే సీజనల్ హాస్టల్. ప్రభుత్వ బడుల పథకమైన సమగ్ర శిక్ష కింద ఇలాంటివి నడుస్తాయి. అమ్మానాన్న వలస వెళ్లినా పిల్లలు అదే బడిలో, అదే టీచర్ దగ్గర ఉంటారు. తిండీ పడకా అక్కడే. చదువు వరకే చూస్తే దీన్ని మించింది లేదు. కాకపోతే జనం ఊరు దాటకముందే తెరవాలి. వారం ఆలస్యమైనా పిల్ల అప్పటికే కూలీలను తీసుకొచ్చే మేస్త్రీ మాట్లాడిన బండెక్కేసి ఉంటుంది. ఇంకో సంగతి. "పదేళ్ల ఆడపిల్లని ఎవరిని నమ్మి వదిలి రావాలి సార్?" అని ఒక తల్లి నన్నడిగింది. నేనేమీ చెప్పలేకపోయాను. ఇంటి దగ్గర అవ్వో పెద్దమ్మో ఉండి, హాస్టల్ చూసుకునే మనిషి తెలిసినవాళ్లయితే మాత్రం పిల్లల్ని అక్కడే ఉంచమని నేనే చెబుతాను.

రెండోది, చేను గట్టున వేపచెట్టు కింద ఒక వాలంటీరును పెట్టి చెప్పించడం. తల్లి కళ్లెదుటే పిల్లలుంటారు, ఆటో ఖర్చుండదు. ఒక సీజన్ మేమూ చేసి చూశాం. కోతకు కూలి కిలోల లెక్కన ఇస్తారు. పదకొండు గంటలయ్యేసరికి ఒక్కొక్కరే పలకలు పక్కనపెట్టి అమ్మ బకెట్ నింపడానికి వెళ్లిపోయేవాళ్లు. కాయలు తల్లి లెక్కలోనే పడతాయి కాబట్టి పిల్ల పనిచేసినట్టు ఎక్కడా ఉండదు. కల్లం మీదుగా గాలి తిరిగితే ఘాటుకి అందరికీ దగ్గులే. మధ్యాహ్న భోజనం లేదు, ఏ రిజిస్టర్‌లోనూ పేరుండదు. అసలే చదువు లేదనుకున్నప్పుడు ఇదైనా నయం, అంతే.

మూడోది, మా బడిలోనే చేర్చుకోవడం. నా మొగ్గు దీనివైపే. దీని కష్టాలూ దాచను.

విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలి. అయినా ఒక అధికారి నాతో, "రెండు నెలలుండి పోయేవాళ్లకు అడ్మిషన్ ఎందుకు, మీ హాజరు శాతం పడిపోతుంది" అన్నారు. ఆ మాట నాకిప్పటికీ మింగుడుపడలేదు. ఇక 60 మంది దాకా ఇద్దరు టీచర్లే అన్నది చట్టంలోని లెక్క. 38కి 14 కలిపితే 52. పిల్లలు పెరిగినా చేతులు నాలుగే. అందుకే ఉదయం పూట ఎవరిది ఏ తరగతన్నది పక్కనపెట్టి, చదవగలిగినవాళ్లు ఒక గదిలో, అక్షరాల దగ్గర ఉన్నవాళ్లు ఇంకో గదిలో కూర్చుంటారు.

గుడిసెలు మూడు కిలోమీటర్ల దూరం. ఆటోకి డబ్బులెక్కడివి? పొద్దున్నే ఊళ్లోని కూలీలను చేలో దింపిన ఆటోలు ఖాళీగా తిరిగొస్తాయి, సాయంత్రం వాళ్లను తేవడానికి మళ్లీ ఖాళీగానే వెళతాయి. ఆ డ్రైవర్లతో మాట్లాడుకున్నాం. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మాత్రం లెక్క తప్పుతుంది. భోజనమయ్యాక సాయంత్రం ఆటో వచ్చేదాకా పిల్లలు బడి వరండాలోనే ఉంటారు, వంతులేసుకుని మాలో ఒకరం ఉంటాం.

ఇవన్నీ కుదిరాక కూడా మూడో తరగతి పిల్ల ఒకతె రాలేదు. వెళ్లి చూస్తే చంకలో ఏడాదిన్నర తమ్ముడు. వాణ్ణి ఎవరు చూస్తారు? అంగన్‌వాడీ టీచరమ్మతో మాట్లాడి, పగలు వాణ్ణి అక్కడ ఉంచేలా ఒప్పించాకే ఆ పిల్ల బడి గడప తొక్కింది. వచ్చిన రోజు పెన్సిల్ పట్టుకుంటే వేళ్లు మంట అంది. వంటమ్మ గిన్నెలో మజ్జిగ తెచ్చి చేతులు ముంచమంది. నెల దాటినా ఆ పిల్ల కళ్లు నలుపుకోవాలంటే వేళ్లు తగలనివ్వకుండా మణికట్టుతోనే రుద్దుకునేది. హాస్టలైనా, గట్టు మీద బడైనా, మా బడైనా సరే, చంకలోని బిడ్డకు చోటు చూపించకపోతే అక్క చదువు సాగదని నాకప్పుడే తెలిసింది.

ఏప్రిల్‌లో వాళ్లు వెళ్లే ముందురోజు ఒక్కొక్కరికీ ఒక కాగితం రాసిస్తాం. ఎన్ని రోజులు వచ్చింది, తెలుగు ఎక్కడిదాకా చదువుతోంది, తీసివేతల్లో ఎక్కడ తడబడుతోంది అన్నీ అందులో ఉంటాయి. ఆ పిల్ల తల్లి దాన్ని రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్లోనే పెట్టుకుంది. జూన్‌లో వాళ్ల ఊరి మాస్టారు ఫోన్ చేశారు, ఏ పాఠం దగ్గర ఆగిందో కనుక్కోవడానికి.