సుమాగోలో ఒకుయా: టికెట్ కొని చూడాల్సిన కలప

విజయవాడలో మాకు టింబర్ డిపో ఉంది. ఎవరింటికి వెళ్లినా నా కళ్లు ముందు దూలాల మీదికి, గుమ్మాల మీదికి పోతాయి. మా ఆవిడకు అదంటే చిరాకు. జపాన్ టూర్‌లో, సుమాగో అనే ఊళ్లో ఒక పాత ఇంట్లో మాత్రం, "ఏమండీ, పైకి చూడండి" అని తనే పిలిచింది.

ఆ ఇంటి పేరు వాకి-హోంజిన్ ఒకుయా. ఎడో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటోకు కొండల్లోంచి వెళ్లే పాత నకసెండో బాటలో 69 మజిలీలుండేవి. సుమాగో 42వది. ప్రభువులు దిగే బస హోంజిన్, దానికి తోడుగా ఉండేది వాకి-హోంజిన్. ఇప్పుడది మ్యూజియం.

కలపంతా హినోకి, అంటే జపాన్ సైప్రస్. ఈ కిసో లోయ నిండా ఆ చెట్లే. కానీ షోగన్లనే సేనాధిపతులు ఏలిన ఎడో కాలంలో హినోకితో కలిపి ఐదు రకాల చెట్లు కొట్టడం నిషేధం. చెట్టు కొడితే తల తీసేవారని చెబుతారు. ఎదురుగా అంత సరుకు పెట్టుకుని ముట్టుకోలేని కలప వ్యాపారి బాధ నాకు తెలుస్తుంది! పాలన మారాక, 1877లో హయాషి కుటుంబం ఈ ఇల్లు తిరిగి కట్టింది. కసిదీరా కట్టారనిపించింది. నేల మీది పొయ్యి పొగ పట్టి దూలాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఏ పాలిష్‌కీ ఆ రంగు రాదు.

రైలు మార్గం వేరేవైపు వెళ్లడంతో ఊరు వెనకబడింది. 1968లో పాత ఇళ్ల మరమ్మతు మొదలైంది. 1971లో ఊరివాళ్లు "అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం" అని కట్టుబాటు పెట్టుకున్నారు. మన దగ్గర పాత మండువా ఇల్లు పడగొడితే ఆ టేకు దూలాలకు బేరమాడేది నాలాంటివాళ్లే, కాబట్టి ఇంతకంటే మాట్లాడను.

మా టూర్ వాళ్లు ఊరంతటికీ కలిపి గంటే ఇచ్చారు. అందులో సగం ఫొటోలకే పోయింది. సొంతంగా వెళ్లేవాళ్లు నగోయా నుంచి రైల్లో నగిసో స్టేషన్‌కు వెళ్లి, అక్కడ బస్సెక్కవచ్చు. మ్యూజియంలో చెప్పులు విప్పాలి, చలికాలమైతే మందం సాక్స్ వేసుకోండి. శాకాహారులు సోబా (బక్‌వీట్ నూడుల్స్) జోలికి పోయేముందు అడగండి, పులుసులో సాధారణంగా చేప ఉంటుంది. పుల్లకు గుచ్చి కాల్చే గోహే మోచి అనే అన్నం ముద్ద బాగుంది, కాస్త తీపెక్కువ. మ్యూజియానికైతే నా వైపు నుంచి ఐదుకు ఐదు.