ఉతికి వాడే ఎయిర్ ఫిల్టరా, కాగితం ఫిల్టరా: మన దారులకు ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కారు నడిపేవారు, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిలోని దుమ్మును ఆపే ఎయిర్ ఫిల్టర్‌ను ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు తమ బండి ఏ దుమ్ములో తిరుగుతోందో చూసుకోవాలి. 16వ నంబరు జాతీయ రహదారి మీదనే ఎక్కువగా తిరిగే కారుకూ, టెక్కలి వైపు గ్రానైట్ లారీల వెనుక రోజూ నడిచే కారుకూ ఒకే సలహా చెల్లదు. రాతిపొడిలో ఉండే క్వార్ట్జ్ రేణువులు పోత ఇనుము కన్నా గట్టివి కనుక, ఇంజిన్ లోపలికి చేరితే పిస్టన్ రింగులనూ సిలిండర్ గోడలనూ అరగదీస్తాయి.

కాగితం ఫిల్టర్ గురించి చెప్పవలసింది తక్కువ. చిన్న కార్లకు మూడు నాలుగు వందల రూపాయలకే దొరుకుతుంది, మార్చడానికి పది నిమిషాలు చాలు, సన్నని ధూళిని బాగా ఆపుతుంది. దానిని నీటితో కడగకూడదు. పంక్చర్ షాపులో గాలి గట్టిగా కొట్టిస్తే కంటికి కనబడని చిరుగులు పడతాయి.

ఉతికి వాడే నూలు ఫిల్టర్ కథ వేరు. 1969లో కాలిఫోర్నియాలో మొదలైన కే అండ్ ఎన్ కంపెనీ పేరుతో ప్రసిద్ధమైన ఈ రకంలో, తీగల వలల మధ్య మడతలు పెట్టిన పలుచని నూలు గుడ్డ పొరలు ఉంటాయి; ధూళిని పట్టి ఉంచడంలో వాటికి పూసిన నూనెది పెద్ద పాత్ర. అందుచేత దాని పనితనం మనం దానిని శుభ్రం చేసే తీరును బట్టి ఉంటుంది. ముందు మెల్లగా తట్టి పొడి దుమ్ము దులపాలి. క్లీనర్ చల్లి పది నిమిషాలు నాననిచ్చి, అది ఎండిపోకముందే, శుభ్రంగా ఉన్న లోపలి వైపు నుంచి బయటికి సన్నని నీటి ధార పెట్టాలి. పెట్రోలుతో కడగడం, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టడం రెండూ తప్పే. నీడలో పూర్తిగా ఆరాక ఒక్కొక్క మడత వెంట ఎర్రని ఫిల్టర్ నూనె వేసి, ఇరవై నిమిషాలు ఆగి చూస్తే, నూనె అందని చోట్లు ఎర్రదనం లేకుండా పాలిపోయి కనబడతాయి; అక్కడ మాత్రమే మరికొంచెం వేయాలి. వానాకాలంలో సముద్రపు తేమకు ఇది ఆరడానికి ఒక పూట చాలదు, అంతవరకూ కారు ఇంటి దగ్గరే ఉండాలి.

నూనె తక్కువైతే ధూళి జారిపోతుంది. ఎక్కువైతే, గాలి ప్రవాహాన్ని కొలిచే వేడి తీగ సెన్సర్ ఉన్న బండ్లలో, ముఖ్యంగా డీజిల్ కార్లలో, ఆ తీగకు నూనె అంటుకొని కొలత తప్పుతుంది.

ఖర్చు లెక్క కూడా ప్రకటనలు చెప్పినంత తీపిగా లేదు. నూలు ఫిల్టర్ ఐదు వేలు, కాగితం ఫిల్టర్ నాలుగు వందలు అనుకుని, దుమ్ము దారుల్లో కాగితాన్ని 20,000 కిలోమీటర్లకొకసారి మార్చినా, ఆ ఐదు వేలు తిరిగి రావడానికి రెండున్నర లక్షల కిలోమీటర్లు నడపాలి. క్లీనర్, నూనెల ఖర్చు దానికి అదనం. మైలేజీ పెరుగుతుందన్న ఆశ కూడా నిలవదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో పరీక్షించినప్పుడు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కార్లలో ఫిల్టర్ బాగా మూసుకుపోయినా వేగం పుంజుకోవడమే మందగించింది గాని, మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

నూనె అక్కరలేని సింథటిక్ ఫిల్టర్లు మధ్యేమార్గం. సెన్సర్ భయం ఉండదు, కడగడం మాత్రం తప్పదు.

నా మట్టుకు, క్వారీ, క్రషర్ దారుల్లో తిరిగే కార్లకు కాగితమే మేలు, అదీ కంపెనీ చెప్పిన గడువు కన్నా ముందే మార్చుతూ. హైవే మీద ఏడాదికి చాలా దూరం తిరిగి, కడిగే పని స్వయంగా ఓపికగా చేసుకునేవారికి నూలు ఫిల్టర్ సరిపోతుంది. ఇప్పటికే అది బిగించుకున్నవారు ఫిల్టర్ తీసి, దాని తరువాత ఇంజిన్‌కు వెళ్లే గొట్టం లోపల తెల్లని గుడ్డతో ఒకసారి తుడిచి చూడాలి. గుడ్డకు నూనె అంటితే పూత ఎక్కువైనట్టు. వేళ్ల మధ్య గరగరలాడే బూడిదరంగు పొడి అంటితే పూత చాలలేదనో, రబ్బరు అంచు పెట్టెలో సరిగా కూర్చోలేదనో అర్థం.