జీఆర్‌బీఎల్ 1.1తో స్పిండిల్, లేజర్: గాజువాక నుంచి దీర్ఘకాల అనుభవం

విశాఖపట్నం గాజువాకలోని మా చిన్న షాపులో నేమ్‌ప్లేట్లు, చెక్క అక్షరాలు చేసే సీఎన్‌సీ (కంప్యూటర్ ఆదేశాలతో కదిలే) యంత్రం కొన్నేళ్లుగా ఒకే సరంజామాతో నడుస్తోంది: ఆర్డునో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, దాని మీద వైర్లు కలిపే సీఎన్‌సీ షీల్డ్ వీ3 బోర్డు, లోపల యంత్రాన్ని నడిపే జీఆర్‌బీఎల్ 1.1 ఫర్మ్‌వేర్ (బోర్డులో ఉండే ప్రోగ్రాం). పనిని బట్టి ఒకసారి స్పిండిల్ (చెక్కే బిట్టును తిప్పే మోటారు), ఒకసారి నీలి డయోడ్ లేజర్ బిగిస్తాం. ఈ ధరలో ఇంత నికరంగా పనిచేసేది నాకు మరొకటి తారసపడలేదు. అయినా కొత్తగా కొన్నవారు మా దగ్గరకు తెచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ‘ఎం3 ఇస్తే లేజర్ వెలగడం లేదండీ.’ ఎం3 అంటే స్పిండిల్‌ను గానీ లేజర్‌ను గానీ ఆన్ చేసే ఆదేశం.

కారణం షీల్డ్ మీద అచ్చయిన పేర్లలో ఉంది. అవి జీఆర్‌బీఎల్ 0.8 నాటివి. అప్పట్లో స్పిండిల్ ఆన్-ఆఫ్‌కు ఊనో పిన్ను డీ12, జెడ్ లిమిట్ స్విచ్‌కు (పైకీ కిందికీ కదలికకు హద్దు తెలిపే స్విచ్, ఎండ్‌స్టాప్ అన్నా అదే) డీ11. 0.9లో స్పిండిల్ వేగాన్ని పీడబ్ల్యూఎంతో (సిగ్నల్‌ను వేగంగా ఆన్-ఆఫ్ చేసి సగటు వోల్టేజీని మార్చే పద్ధతి) మార్చే సదుపాయం వచ్చింది. ఊనోలో డీ12కు ఆ శక్తి లేదు, డీ11కు ఉంది. దాంతో ఆ రెండు పిన్నులూ పనులు మార్చుకున్నాయి, బోర్డు మీద పేర్లు మాత్రం పాతవే మిగిలాయి. కాబట్టి లేజర్ సిగ్నల్ వైరును జెడ్ ఎండ్‌స్టాప్ అని ఉన్నచోట, జెడ్ స్విచ్ వైరును స్పిండిల్ ఎనేబుల్ అని ఉన్నచోట కలపాలి. అమ్మేవారు ఈ ఒక్క మాట చీటీ మీద రాసి పెట్టెలో వేస్తే ఎంతమందికి నిద్ర మిగులుతుందో! కొందరు ఫర్మ్‌వేర్ తెరిచి పిన్ను నంబరే మార్చేస్తారు. డీ11 పీడబ్ల్యూఎం ఊనో చిప్పులోని టైమర్ 2 అనే భాగంతో ముడిపడి ఉంది కనుక నంబరు మార్చినంత మాత్రాన ఫలితం ఉండదు.

ఎవరి యంత్రం వచ్చినా ముందు లేజర్ ప్లగ్గు తీసేసి మల్టీమీటర్ పెడతాను. ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో $30లో (ఎస్ గరిష్ఠ విలువ) 1000, $32లో (లేజర్ మోడ్, 1 అంటే ఆన్) 0 ఉంచి ‘ఎం3 ఎస్500’ (ఎస్ అంటే స్పిండిల్ వేగం లేదా లేజర్ శక్తి) పంపితే డీ11కు, గ్రౌండుకు మధ్య సుమారు 2.5 వోల్టులు చూపాలి. ఎస్1000కు 5 వోల్టుల దగ్గరకు చేరాలి, ఆపే ఆదేశమైన ఎం5కు సున్నాకు రావాలి. ఇక్కడ $32ను 1లో వదిలేస్తే, యంత్రం జీ0 (కోత లేకుండా వేగంగా జరిగే కదలిక) స్థితిలో ఉన్నంతసేపూ మీటరు సున్నాయే చూపుతుంది. అది లేజర్ మోడ్ పద్ధతి, లోపం కాదు. వోల్టులు సరిగ్గా వచ్చి కూడా లేజర్ వెలగకపోతే వైరునో, లేజర్ డ్రైవర్నో చూడాలి. వెలిగినా చెక్కుడు పాలిపోయి వస్తే, సాఫ్ట్‌వేర్‌లో ఎస్ గరిష్ఠ విలువ 255, ఫర్మ్‌వేర్‌లో 1000 ఉన్నాయేమో చూడండి. అలా ఉంటే అందేది పావు వంతు శక్తే.

మా ఊరి ఉప్పుగాలి సంగతి వేరు. వానాకాలం గడిచేసరికి వైర్లు గుచ్చే హెడర్ పిన్నుల మీద మసక పొర, కొన్నిటి మొదట్లో పచ్చటి చిలుము కనిపిస్తాయి. లేజర్ కాసేపు వెలుగుతూ, కాసేపు ఆరుతూ ఉంటే మా దగ్గర ముందు అనుమానించవలసింది దాన్నే. సిగ్నల్ వైర్లను నేను టంకం వేసి బిగించాను. ఆ తరువాత ఆ బాధ లేదు.

డీ11, గ్రౌండుల మధ్య 10 కిలో ఓముల రెసిస్టర్ కూడా తప్పక పెట్టండి. యంత్రం ఆన్ చేశాక ఫర్మ్‌వేర్ మేలుకునే లోపు ఆ పిన్ను ఎటూ కాకుండా ఉంటుంది. ఆ క్షణంలో కొన్ని లేజర్లు వెలుగుతాయి. కన్ను దెబ్బతినడానికి ఒక్క క్షణం చాలు, లేజర్ రక్షణ కళ్లద్దాలు పెట్టుకోకుండా స్విచ్ వేయవద్దు.

లేజర్ తీసి స్పిండిల్ బిగించినప్పుడు $32ను తిరిగి 0 చేయాలి. చేయకపోతే జీ0 కదలికలన్నిటిలోనూ స్పిండిల్‌కు సిగ్నల్ ఆగిపోతుంది, మళ్లీ పూర్తి వేగం అందుకోకముందే బిట్టు చెక్కలోకి దిగి విరుగుతుంది. అందుకే మా షాపులో రెండు పనులకూ $32ను మార్చే రెండు మాక్రో బటన్లు (ఒక్క నొక్కుతో ఆదేశం పంపేవి) పెట్టాను. బిట్టు మార్చే కుర్రవాడు ముందు ఆ బటన్ నొక్కి, $32 విలువ చదివి వినిపించాకే పని మొదలుపెడతాం.