రేగడి నేల మీద కుక్క గడ్డి: నాలుగేళ్ళు వాడాక

టెక్సస్‌లో, ఫ్రిస్కోలోని మా పెరట్లో 450 చదరపు అడుగుల టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి, వేయించి మొన్న మే నెలకి నాలుగేళ్ళు నిండాయి. అంతకుముందున్న బెర్ముడా గడ్డిని మా లాబ్రడార్ చింటూ కంచె వెంట పరుగులు పెట్టి ఒక్క చలికాలంలో మట్టి చేసేశాడు. వానొచ్చిందంటే నాలుగు కాళ్ళ బురదా హాల్లో కార్పెట్ మీదే. కాబట్టి టర్ఫ్ ఎందుకని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఎలా వేస్తారని మాత్రం అడిగుండాల్సింది.

ఇక్కడి మట్టి గుంటూరు వాళ్ళకి కొత్తేం కాదు. బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అని పేరుగానీ, తీరా చూస్తే మన నల్లరేగడే. తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, ఆగస్టులో ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు తీస్తుంది. పునాది కదలకుండా ఇంటి చుట్టూ సోకర్ హోస్ (పొడుగునా నీళ్ళు ఊరే పైపు) వేసి వేసవంతా నేల తడుపుకునే ఊరు ఇది. అలాంటి మట్టి ఒకసారి తడిసి నెర్రెలు మూసుకుందంటే, ఆపైన పడ్డ నీళ్ళు దిగడం రోజుల మాట.

మొదటిసారి వేసిన కాంట్రాక్టరు మనుషులు నాలుగంగుళాలు తవ్వారు. డీకంపోజ్డ్ గ్రానైట్, అంటే గ్రానైట్ పొడి, పోసి, మిషన్‌తో అణగ్గొట్టి, గడ్డి పరిచి, మేకులు దిగ్గొట్టి రెండు రోజుల్లో వెళ్ళిపోయారు. చూడ్డానికి పచ్చగా, పెళ్ళి పందిరిలా ఉంది. గడ్డి అడుగు పొరకి చిల్లులున్నాయి, నీళ్ళు ఎంత పోసినా దిగిపోతాయన్నారు. అబద్ధం కాదు, దిగిపోయాయి. దిగాక ఎటు పోవాలన్నది ఎవరూ ఆలోచించలేదు. చుట్టూ రేగడి, మధ్యలో నాలుగంగుళాల గొయ్యి. మేం డబ్బిచ్చి కట్టించుకున్నది ఒక తొట్టి.

మొదటి జూన్‌లోనే చింటూ మూత్రం వాసన మొదలైంది. పొద్దున తలుపు తీస్తే కళ్ళు మండేవి. వాసన పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ కొట్టేవాణ్ణి, రెండు రోజులు బాగుండేది, మళ్ళీ మామూలే. నీళ్ళతో కడిగితే ఇంకా ఎక్కువయ్యేది. ఇది చాలాకాలం నాకు అర్థం కాలేదు.

ఆ ఏడు వేసవికి అమ్మా నాన్నా వచ్చారు. ఒకరోజు నాన్న కంచె మూల దగ్గర మేకులు పీకి గడ్డి అంచు పైకెత్తారు. కింద గ్రానైట్ పొడి నల్లగా మారి, తడిసిన సిమెంటులా వేళ్ళకి అంటుకుంది. వాన పడి పదకొండు రోజులైంది, అయినా తడే. ఆయన వేలు వాసన చూసుకుని, "ఒరేయ్, రొచ్చు కాలవ లేకుండా గొడ్ల చావిట్లో ఎవడన్నా నాపరాళ్ళు పరుస్తాడ్రా?" అన్నారు.

అంతే మరి. మూత్రంలోని యూరియాని సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. కింద నిలవున్న దాన్ని నేను రోజూ కాసిని నీళ్ళు పోసి తడుపుతూ వచ్చానన్నమాట.

రెండోసారి ఇంకొకరిని పెట్టుకున్నాను. గడ్డి అదే, చుట్టి పక్కన పెట్టి మళ్ళీ పరిచారు. మారిందంతా కిందే. తవ్వేముందు చెయ్యాల్సిన 811 నంబరుకి ఫోన్ చేస్తే ఉచితంగా వచ్చి గ్యాసు, కరెంటు లైన్లకి గుర్తులు పెట్టి వెళ్ళారు. ఎనిమిది అంగుళాలు తవ్వించి, రేగడినే ముందు వాలుగా చెక్కించాను, ముప్పై అడుగులకి నాలుగంగుళాలు, ఇంటి నుంచి బయటికి. దాని మీద మట్టిని ఆపి నీళ్ళు వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ, పల్లపు అంచున కందకం తీసి నాలుగంగుళాల చిల్లుల పైపు, ఆ పైన పొడి లేకుండా కడిగిన ముప్పావు అంగుళం కంకర, చివరగా సన్న చిప్స్. పైపు పక్క సందులోంచి ముందున్న లాన్‌లోకి తెరుచుకుంటుంది. గడ్డి పోచల మధ్య నింపే ఇసకకి బదులు జియోలైట్ అనే ఖనిజం వేయించాను, అది అమ్మోనియాని కొంత పట్టి ఉంచుతుంది. కానీ కింద నీళ్ళు నిలిచే చోట జియోలైట్ ఒక్కటే ఏమీ చెయ్యలేదు, అది అమ్మేవాళ్ళు చెప్పరు.

మొదటిసారి 5,400 డాలర్లు, రెండోసారి 3,900. ఈ రెండో లెక్క మా ఆవిడ దగ్గర ఇప్పటికీ ఎత్తకూడదు.

అప్పట్నుంచి మూడు వేసవులు గడిచాయి. కుంభవృష్టి కురిసిన అరగంటకి చింటూ బయటికెళ్ళి పొడి కాళ్ళతో లోపలికొస్తాడు. వారానికోసారి ఎంజైమ్, రోజు విడిచి రోజు హోస్. జులైలో మూడు నాలుగు రోజులు కడగడం మానేస్తే వాసన తెలుస్తుంది, పక్కింటిదాకా మాత్రం పోదు.

ఇక ఎండ. దీనికి నా దగ్గర మందు లేదు. మధ్యాహ్నం మూడింటికి థర్మామీటరు గన్ పెడితే 152 ఫారెన్‌హీట్ చూపించింది, అంటే 66 సెల్సియస్ పైమాటే. చింటూ గుమ్మంలో నిలబడి ఒక కాలు పెట్టి చూసి వెనక్కి తీసుకుంటాడు. నీళ్ళు చల్లితే పది ఇరవై నిమిషాల ఉపశమనం. సగానికి షేడ్ సెయిల్ (నీడ గుడ్డ) కట్టాక ఆ సగం వాడుకలోకొచ్చింది, మిగతా సగం సాయంత్రం దాకా ఉత్తదే. కుక్క మధ్యాహ్నాలు బయటే ఉండే ఇల్లయితే, నీడ ఖర్చు కూడా కలిపే బేరమాడండి.

ఇంకోటి, పక్కింటి మేడ మీద కిటికీ. వేడిని వెనక్కి కొట్టే పూత ఉన్న ఆ లో-ఈ అద్దం మీద నుంచి చలికాలపు ఎండ ఏటవాలుగా మా గడ్డి మీద పడి, జానెడు వెడల్పున పోచలు కరిగి ముద్దకట్టాయి. నిప్పు పడిందేమో అనుకున్నాం మొదట. ఆ ముక్క కోసి కొత్తది అతికించాను, ఇప్పుడా చోట పూలకుండీ ఉంది.

రేగడి ఎలాగూ ఊరుకోదు. నిరుడు ఆగస్టుకి కంచె పక్క నేల కుంచించుకుపోయి అంచున అంగుళం సందు తెరుచుకుంది. అక్టోబరు వానలకి మూసుకుంది, ఆ వరసలో చిన్న గుబ్బ మిగిలింది.

వేయించుకునేవాళ్ళు గడ్డి శాంపిళ్ళు చూసేముందు పెరట్లో అడుగు లోతు గొయ్యి తీసి నిండా నీళ్ళు పోయండి. మొదటి నీళ్ళు లెక్కలోకి తీసుకోకండి, నెర్రెలు తాగేస్తాయి. రెండోసారి నింపి, తెల్లారి వెళ్ళి చూడండి. మా గోతిలో సగానికి పైగా అలాగే ఉన్నాయి. అప్పుడు కాంట్రాక్టరుని పిలిచి, ఆ గొయ్యి చూపించి, "ఇవి ఎటు పోతాయి?" అని అడగండి. చిల్లుల గురించి చెప్పడం మొదలుపెడితే ఇంకొకరిని పిలవండి.